ముందు నిలబెట్టిన మనిషి

అతన్ని మా ఆసుపత్రికి తెచ్చిన రోజు ఎమర్జెన్సీ వార్డు వరండాలోనే ఇంకో కొట్లాట జరిగింది. దొరవారిసత్రానికి తూర్పున, పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న రెండు ఊళ్ళ జాలర్లు తెల్లవారుతూనే వలలు పాతే చోటు కోసం నీళ్ళలో కొట్టుకున్నారు. దెబ్బలు తిన్నవాళ్ళను రెండు వైపుల నుంచీ అంబులెన్సుల్లో నెల్లూరికే పంపించారు. ఒకే వరండాలో ఎదురుబదురు బెంచీల మీద కూర్చోబెడితే, ఎవరు ముందు నోరు జారారో తెలియదు, ఒకడు సెలైన్ స్టాండు పీకి ఇంకొకడి భుజం మీద కొట్టాడు. అప్పుడే కట్లు కట్టించుకున్న చేతులతో మళ్ళీ కలబడ్డారు. నర్సులు మందుల గదిలోకి పోయి గడియ పెట్టుకున్నారు. పోలీసులు వచ్చి లాఠీలతో విడదీసేసరికి గచ్చంతా రక్తం, పగిలిన సీసాల పెంకులు.

నేను ఆ వార్డు డాక్టరును కాను. నాది హార్మోన్ల విభాగం. నా గది మేడ మీద ఉంటుంది. గొంతు వాచినవాళ్ళు, షుగరు అదుపులో లేనివాళ్ళు, వయసొచ్చినా ఎదగని పిల్లలు వస్తారు. వాళ్ళ జబ్బులు ఏళ్ళ తరబడి మెల్లగా ముదురుతాయి, మెల్లగా తగ్గుతాయి. రక్తమంటే మాకు చిన్న గొట్టంలో నింపి ల్యాబుకు పంపేదే. ఆ మధ్యాహ్నం న్యూరోసర్జన్ ఫోన్ చేసి కిందికి రమ్మన్నాడు. తలకు దెబ్బ తగిలిన ఒకతనికి స్కాన్ తీస్తే పుర్రె చిట్లినట్టు తెలిసిందనీ, దాంతోపాటు ఇంకోటి కూడా కనబడిందనీ, ఆ రెండోది నా పనేననీ చెప్పాడు.

వార్డులోకి పోగానే అతను ఎవరో ఒకరు చూపించకుండానే తెలిసింది. మంచం అతనికి చాలలేదు. పాదాలు కమ్మీ దాటి బయటికి వచ్చేశాయి. దుప్పటి మీద పెట్టిన చేతులు చేటల్లా ఉన్నాయి. దవడ ముందుకు పొడుచుకొచ్చి, పళ్ళు ఎడంగా జరిగి, కనుబొమల ఎముక కళ్ళ మీదికి వంగి ఉంది. ఎడమ చెవి పైన జుట్టు గొరిగి కుట్లు వేశారు. ముఖం సగం నల్లగా కమిలిపోయింది. పక్కన భార్య నెత్తుటితో బిరుసెక్కిన తువ్వాలును ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె కొంగు కూడా అలాగే ఉంది.

మెదడు అడుగున, కళ్ళకు వెనకగా, పిట్యూటరీ అనే చిన్న గ్రంథి ఉంటుంది. శనగగింజంత. ఒళ్ళు ఎదగడానికి కావలసిన హార్మోను అక్కడే తయారవుతుంది. ఆ గ్రంథిలో గడ్డ లేచిందంటే హార్మోను అవసరం లేకపోయినా ఊరుతూనే ఉంటుంది. ఎదిగే వయసు దాటినవాళ్ళు పొడుగు పెరగరు. ఎముకలు లావెక్కుతాయి. చేతులు, పాదాలు, దవడ, నాలుక పెద్దవవుతాయి. దాన్ని అక్రోమెగలీ అంటాం. అతనికి ఆ గడ్డ నిమ్మకాయంత అయింది.

పెళ్ళినాటికి అతను కాస్త పొడుగే తప్ప అందరిలాంటి మనిషేనని భార్య చెప్పింది. తర్వాత ఉంగరం బిగుసుకుపోతే కంసాలి దగ్గర కోయించారు. చెప్పులు దొరకడం మానేశాయి. గొంతు మారింది, గురక పెరిగింది, చలికాలంలో కూడా చెమటలు. జబ్బు అని ఎవరికీ తోచలేదు. ఊరు సంతోషించింది. తల్లీ తండ్రీ లేని ఇతన్ని పెంచిన చిన్నాన్న ఊరి పెద్దల్లో ఒకడు. ఆయన మరీ సంతోషించాడు.

కొట్లాట ఎలా జరిగిందో అతను నాకు కొంచెం కొంచెంగా చెప్పాడు. ఏటా చేపలు దండిగా పడే కాలంలో రెండు ఊళ్ళకూ హద్దు దగ్గర గొడవ వస్తుంది. పడవలు ఎదురెదురుగా నిలుస్తాయి. కొన్నేళ్ళుగా చిన్నాన్న ఇతన్ని ముందు పడవలో, ముందు కొసన, చొక్కా విప్పించి నిలబెట్టేవాడు. "నువ్వు కొట్టబన్లేదురా, ఊరికే నిలబడు చాలు" అనేవాడట. ఇతన్ని చూసి అవతలివాళ్ళు తిట్టుకుంటూ పడవలు వెనక్కి తిప్పేవాళ్ళు. అలా దెబ్బ పడకుండానే హద్దు ఏటికేడు జరుగుతూ వచ్చింది. వలల చోటు పోయినవాళ్ళ ఇళ్ళల్లో ఆకలి కూడా మొదలైందని అతనే చెప్పాడు. అందుకే ఈసారి వాళ్ళు ముందు ఇతన్నే పడగొట్టాలని అనుకుని వచ్చారు.

ఒక పడవ ఎదురుగా వచ్చి కేకలు వేసింది. ఇంకోటి ఎడమ పక్కగా వచ్చింది. పడవ నెట్టే పొడుగాటి గెడతో ఒకడు తల మీద కొట్టాడు. ఇతను మోకాటి లోతు నీళ్ళలో పడ్డాడు. పడినవాడి మీదికి దూకారు. వీపు మీద, మెడ మీద తొక్కారు. తలను బురదలోకి అదిమిపట్టారు. ఇంకొకడు వల పాతే కర్ర తెచ్చి పక్కటెముకల మీద పొడిచాడు. ఇతను పడిపోవడం చూడగానే ఇతని ఊరివాళ్ళ ధైర్యం పోయింది. సగం పడవలు పారిపోయాయి. మిగిలినవాళ్ళను వెంటబడి కొట్టారు. చిన్నాన్నే ఇతన్ని జుట్టు పట్టి పైకి లాగాడట.

పక్కనుంచి పడవ వస్తుంటే చూడలేదా అని అడిగాను. చూడలేదన్నాడు. నేను అతని ముక్కుకు ఎదురుగా వేలు పెట్టి మెల్లగా పక్కకు జరిపాను. కొంచెం జరిపేసరికే వేలు కనబడటం లేదన్నాడు. రెండో వైపూ అంతే. గడ్డ పెరిగి కంటి నరాలను నొక్కుతోంది. ఎదురుగా ఉన్నది తప్ప పక్కల ఏమీ కనపడదు. ఎప్పటి నుంచో అలా ఉందని అతనికే తెలియదు.

ఆ రోజుల్లో నేను ఈ జబ్బు మీదనే ఒక చిన్న పరిశోధన చేస్తున్నాను. అక్రోమెగలీ ఉన్నవాళ్ళు చూడటానికి బలాఢ్యుల్లా ఉంటారు. నిజంగా వాళ్ళ కండల్లో బలం ఎంత, వైద్యం జరిగాక అది ఎలా మారుతుంది, ఇదీ నా ప్రశ్న. అతను తేరుకున్నాక విషయం వివరించి, ఇష్టమైతేనే చేరమన్నాను. ఒప్పుకున్నాడు. పిడికిలి బలం కొలిచే పరికరం చేతికిచ్చి గట్టిగా నొక్కమన్నాను. నొక్కాడు. మెడ నరాలు ఉబ్బాయి, చెమట పట్టింది. ముల్లు కొంచెం కదిలి ఆగిపోయింది. బడికి పోయే ఆడపిల్ల అంతకంటే గట్టిగా నొక్కుతుంది. చెయ్యి భుజం పైకి ఎత్తమంటే సగంలో వణికి కింద పడిపోయింది.

అతను ముల్లు వంకా, నా వంకా చూశాడు. "మా చిన్నాయనకు చెప్పబాకండి మేడం" అన్నాడు.

తనకు చేతుల్లో సత్తువ పోయి ఏళ్ళయిందట. వేళ్ళు తిమ్మిరెక్కి వల ముడి వేయలేడు. పడవ నెట్టలేడు. గంప తల మీదికి ఎత్తేది భార్యే. ఈ సంగతి ఆమెకు ఒక్కదానికే తెలుసు. "చెయ్యి ఎత్తితే వణుకుతాది. అందుకని ఎత్తకుండా నిలబడేవాణ్ణి. వాళ్ళు దాన్ని పొగరనుకున్నారు" అన్నాడు. ప్రతి ఏడూ ఆ పడవ కొసన నిలబడ్డప్పుడు లుంగీ లోపల కాళ్ళు వణికేవని, ఎవడైనా ఒకడు ధైర్యం చేసి కొడితే తన పని అయిపోతుందని తెలుసని, ఆ రోజు దెబ్బ పడగానే భయం పోయి ప్రాణం కుదుటపడ్డట్టు అనిపించిందని చెప్పాడు. భార్య ముఖం తిప్పుకుంది.

పుర్రె మానాక ఆపరేషన్ చేశారు. తల కోయరు. ముక్కులోంచి సన్నని పనిముట్లు పంపి, లోపలి ఎముకను పగలగొట్టి, గడ్డను గోకి తీస్తారు. నేను పక్కన నిలబడి చూశాను. అంత పెద్ద మనిషి ముఖం మీద పచ్చగుడ్డ కప్పి, ముక్కులోకి ఉలి దించి కొడుతుంటే నాకు సరస్సులో జరిగిందే కళ్ళ ముందు కదిలింది. రెండో రోజు పొద్దున అతను పక్క మంచం వైపు చూసి, ఈ ముసలాయన ఎప్పుడు వచ్చాడని అడిగాడు. ఆ ముసలాయన ఇతనికంటే ముందు నుంచీ అక్కడే ఉన్నాడు. కళ్ళ పక్కల చూపు తిరిగి వస్తోందని అలా తెలిసింది. రక్తనాళం పక్కన కొంచెం గడ్డ మిగిలిపోయింది. దాని కోసం నెలనెలా ఒక ఇంజెక్షన్ మొదలుపెట్టాను.

కేసు కోర్టుకు వచ్చింది. గెడతో కొట్టినవాడి మీద పోలీసులు కేసు పెట్టారు. ఆత్మరక్షణ కోసం కొట్టాడని అతని వకీలు వాదించబోతున్నాడని తెలిసింది. ఇంత మనిషి మీదికి వస్తుంటే ఎవడైనా కొడతాడు కదా అని. నాకు సాక్షిగా సమన్లు వచ్చాయి.

అప్పుడు చిన్నాన్న నా గదికి వచ్చాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా. వెంట ఇద్దరు మనుషులు. వాళ్ళలో ఒకడు లోపలి నుంచి తలుపు మూసి దానికి ఆనుకుని నిలబడ్డాడు. ఆయన గొంతు పెంచలేదు. "దెబ్బలు తగిలినాయని చెప్పండి మేడంగారూ, అది నిజమే. వాడికి జబ్బని, చేతుల్లో చేవ లేదని మాత్రం చెప్పబాకండి. ఆ మాట బైటికొస్తే మా పడవలు సరస్సులోకి దిగలేవు" అన్నాడు. కోర్టులో అడిగితే నిజమే చెప్పాలన్నాను. ఆయన పిడికిలితో నా బల్ల మీది అద్దాన్ని ఒక్క దెబ్బ వేశాడు. అద్దం నాలుగు వైపులా పగిలింది. ఆయన వేళ్ళ సందుల్లోంచి రక్తం కారి కాగితాల మీద పడింది. ఆయన దాన్ని చూసుకోను కూడా లేదు. "మీరు మనుబోలు నుంచి రోజూ హైవే మీద కార్లో ఒంటరిగా వస్తారంట గదా" అని లేచి వెళ్ళిపోయాడు.

మాది మనుబోలే. మా నాన్న అక్కడి చర్చిలో పెద్ద. ఇంట్లో ఎవరూ ఎవరి మీదా చెయ్యి చేసుకోగా చూడకుండా పెరిగాను. ఆ సాయంత్రం కారు నడుపుతుంటే వెనక వచ్చే ప్రతి లారీనీ పక్కకు తీసి ముందుకు పోనిచ్చాను. ఇంట్లో చెబితే అమ్మ ప్రార్థన చేసింది, నాన్న కోర్టుకు తోడు వస్తానన్నాడు. నాకు కోపం వచ్చింది. ఆ ముసలి పిడికిలిని పట్టుకుని పగిలిన అద్దంలోకి అదమాలనిపించింది. అలాంటి కోరిక నాలో ఉందని అంతవరకు నాకు తెలియదు.

ఇంజెక్షన్‌కు వచ్చినప్పుడు అతనికి జరిగింది చెప్పాను. అతని జబ్బు సంగతి అతని సొంతం, చెప్పాలా వద్దా అన్నది అతనిష్టం, వద్దంటే చెప్పకుండా ఉండటానికి కోర్టు అనుమతి అడుగుతానన్నాను. అతను చేతుల వంక చూసుకున్నాడు.

"చెప్పండి మేడం. అది తెలిస్తేనన్నా మావోళ్ళు నన్ను ఒదిలేస్తారు" అన్నాడు.

కోర్టులో నిందితుడిని చూసి ఆశ్చర్యపోయాను. సన్నగా, ఎండిన చేపలా ఉన్న మనిషి. బోనులో నిలబడి కమ్మీని పట్టుకున్నాడు. నేను చెప్పాను. దెబ్బ తగిలిన రోజు ఇతనికి పక్కల చూపు లేదని, చెయ్యి భుజం దాకా ఎత్తే శక్తి లేదని, గెడ పట్టుకుని తిప్పడం అసాధ్యమని. వకీలు నవ్వి, ఇతన్ని చూపించి, ఈ మనిషికి బలం లేదంటారా అన్నాడు. లేదన్నాను. హాలంతా ఇతని వైపు తిరిగింది. ఇతను తల వంచుకోలేదు. బోనులోని మనిషి నోరు కొంచెం తెరిచి ఇతన్నే చూస్తూ ఉండిపోయాడు. ఏటేటా ఎవరికి భయపడి పడవ తిప్పుకున్నారో, ఆ మనిషి ఊరికే నిలబడి ఉన్నాడని అప్పుడే తెలిసినట్టుంది. గుమ్మం దగ్గర చిన్నాన్న ఖాండ్రించి ఉమ్మి వెళ్ళిపోయాడు.

కేసు నిలబడలేదు. రెండు ఊళ్ళ పెద్దలూ బయట రాజీ పడ్డారు. చూసిన సాక్షులు ఎవరు కొట్టారో చూడలేదన్నారు. నిందితుడిని వదిలేశారు. నేను చెప్పిన మాట మాత్రం సరస్సు చుట్టూ తిరిగింది.

వారం గడవక ముందే సొంత ఊరివాళ్ళే అతన్ని కొట్టారు. ఒడ్డున అందరూ చూస్తుండగా చిన్నాన్న పడవ చెక్కతో మొదలుపెట్టాడు. ఊరి పరువు తీశావని, ఆడదాని చేత నీకు చేవ లేదని చెప్పించుకున్నావని తిడుతూ కొట్టాడట. మిగతావాళ్ళు కాళ్ళతో అందుకున్నారు. భార్య అడ్డం పడితే ఆమెను వలల కుప్ప మీదికి తోసేశారు. అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. కాలరు ఎముక విరిగింది, పక్కటెముకలు విరిగాయి, ముందు పళ్ళు ఊడాయి. నీళ్ళు అడిగితే ఎవరూ ఇవ్వలేదు. భార్య ఆటోలో తెచ్చి మా వార్డులో చేర్పించింది. నన్ను చూడగానే ఏడవలేదు, తిట్టలేదు. ఇక ఆ ఊరికి పోబోమని మాత్రం చెప్పింది.

కట్లు విప్పాక వాళ్ళు జువ్వలదిన్నెకు వెళ్ళారు. ఆమె అక్క అక్కడ ఉంది. చేపల రేవు దగ్గర చిరిగిన వలలు బాగుచేసే పని దొరికింది. మొదట్లో ముడులు భార్యే వేసేది. నెలలు గడిచేకొద్దీ అతని వేళ్ళ వాపు తగ్గింది, తిమ్మిరి పోయింది. సూది పట్టుకోగలుగుతున్నానని ఒకసారి, తడిసిన వల ఒక్కడినే మోశానని ఇంకోసారి చెప్పాడు. లావెక్కిన ఎముకలు అలాగే ఉంటాయి, తగ్గవు. కండ మాత్రం తిరిగి వచ్చింది. పరీక్ష చేసిన ప్రతిసారీ పిడికిలి బలం పెరిగినట్టే కనబడింది. నా పరిశోధనలో అతనంత బాగుపడినవాళ్ళు ఇంకెవరూ లేరు. చూసినప్పుడల్లా నాకు గర్వంగా ఉండేది. డాక్టర్ల మీటింగులో అతని ఫోటోలు చూపించి మాట్లాడాను కూడా, కళ్ళ దగ్గర నల్లపట్టీ వేసి.

ఒక నెల అతను ఇంజెక్షన్‌కు ఆలస్యంగా వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నిలబడ్డాడు. మణికట్టు దగ్గర వాచి, వేళ్ళ కణుపుల మీద చర్మం చీరుకుపోయి ఉంది. అక్కడ పళ్ళ గాట్లున్నాయి.

చిన్నాన్న జువ్వలదిన్నెకు వచ్చాడట. మళ్ళీ చేపల కాలం వచ్చింది. ఇతను బాగుపడ్డాడని, బరువులు మోస్తున్నాడని ఎవరో చేరవేశారు. జరిగింది మర్చిపొమ్మని, వచ్చి ముందు పడవలో నిలబడమని అడిగాడు. ఇతను రానన్నాడు. బతిమాలాడు, తిట్టాడు. చివరికి, వీణ్ణి చెడగొట్టింది నువ్వేనంటూ భార్య జుట్టు పట్టుకుని ఇంట్లోంచి వీధిలోకి ఈడ్చాడు. ఇతను కొట్టాడు.

"ఒక్క దెబ్బ మేడం" అన్నాడు. తన జన్మలో ఒక మనిషిని కొట్టడం అదే మొదలట. దవడ విరిగిన చప్పుడు చేతిలోకి తెలిసింది. చిన్నాన్న గోడకు కొట్టుకుని కింద పడ్డాడు. నోట్లోంచి రక్తం బుడగలు బుడగలుగా వచ్చింది, పళ్ళు నేల మీద పడ్డాయి. ఇతను వంగి రెండోసారి చెయ్యి ఎత్తాడు. ఈసారి ఆ చెయ్యి వణకలేదు. భార్య రెండు చేతులతో దాన్ని పట్టుకుని వేలాడింది. ఆమె పట్టుకోకపోతే ఆయన చచ్చిపోయి ఉండేవాడని అతను మెల్లగా చెప్పాడు.

తర్వాత అడిగాడు. "ఈ సూది ఆపేస్తే బలం మళ్ళీ పోతాదా మేడం?"

ఇంతవరకు ఏ రోగీ నన్ను అలా అడగలేదు. ఆపితే మిగిలిన గడ్డ మళ్ళీ పెరుగుతుందని, కళ్ళు ఈసారి పూర్తిగా పోవచ్చని, గుండె కూడా పాడవుతుందని చెప్పాను. బలం పోతుందా అన్నదానికే సమాధానం కావాలని మళ్ళీ అడిగాడు. పోతుందని ఒప్పుకున్నాను. అతను కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. చిన్నాన్న మొహం కళ్ళ ముందు నుంచి పోవడం లేదన్నాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే తనను భుజాన వేసుకుని దొరవారిసత్రం దాకా నడిచింది ఆయనేనని చెప్పాడు. ఆయన కొట్టిన దెబ్బలు గుర్తొచ్చినప్పుడు మాత్రం రెండో దెబ్బ వేసి ఉండాల్సిందనిపిస్తోందని, అదే తనకు భయమని అన్నాడు.

ఆ రోజు ఇంజెక్షన్ చేయించుకోకుండానే వెళ్ళిపోయాడు. నేను జువ్వలదిన్నెకు కబురు పెట్టాను. జవాబు రాలేదు. ఒక ఆదివారం చర్చి అయ్యాక నేనే కారు తీసుకుని వెళ్ళాను. అతను రేవు గోడ నీడలో వల పరుచుకుని కూర్చున్నాడు. భార్య అతని కుడిచేతి కణుపులకు పసుపు రాస్తోంది. నన్ను చూసి లేచింది. విషయం ఆమెకు తెలుసు. అతను చావుదెబ్బలు తినడం రెండుసార్లు చూశానని, అతను వేస్తే ఒక్కసారి చూశానని, దానికి కళ్ళు పోగొట్టుకోవాలా అని అతన్నే అడిగింది. నేను తెచ్చిన ఐస్‌పెట్టె తెరిచాను. అతను లేచి, లుంగీ సర్దుకుని, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. సూది దింపాను.

చిన్నాన్న దవడకు తీగలు కట్టించుకున్నాడని, పడవలో జారిపడ్డానని అందరికీ చెప్పుకున్నాడని తర్వాత విన్నాను. మళ్ళీ జువ్వలదిన్నెకు రాలేదు. ఆ ఊళ్ళు రెండూ అతను లేకుండానే ఆ ఏడు మళ్ళీ కొట్టుకున్నాయి. ఇద్దరికి కత్తిపోట్లు తగిలాయి. అతను నెలనెలా వస్తూనే ఉన్నాడు. పరీక్ష చేసేటప్పుడు మాత్రం పిడికిలి పూర్తిగా బిగించడు. ఇంకా గట్టిగా నొక్కమంటే, చాల్లే మేడం అంటాడు. నేను బలవంతపెట్టను.